దక్షిణం ముక్క

హలో, అందరికీ వినపడుతోందా? బాగున్నారు కదా? పొయ్యి మీద ఏదైనా ఉంటే కట్టేసి రండి. కథ చిన్నదే, కానీ మధ్యలో లేస్తే అర్థం కాదు.

ఒక బొగ్గు కంపెనీ ఆఫీసు. అందులో కింద ఒక గది. గది మధ్యలో పెద్ద బల్ల. బల్ల మీద దేశం పటం గీసి, గనులు ఎక్కడున్నాయో అక్కడ ఆ గనుల బొగ్గే ఒక్కో ముక్క పెట్టారు. స్కూలు పిల్లలొచ్చి చూసి పోతుంటారు.

ఉత్తరం కొండల్లోది ఆంత్రసైట్. అద్దంలా మెరుస్తుంది, పట్టుకుంటే చేతికి మసి కూడా అంటదు. తూర్పుది ఉక్కు ఫ్యాక్టరీలకి పోయే కోకింగ్ బొగ్గు. నడిమి మైదానాలది కరెంటు కోసం కాల్చేది. ఇక దక్షిణానిది లిగ్నైట్. గోధుమరంగులో ఉంటుంది, గోరుతో గీకితే రాలిపోతుంది.

ఆ గదికి ఒక ఇన్‌చార్జి. ఇంట్లో తనూ, భార్యా, అంతే. పిల్లల్లేరు. ఆ ముక్కల్నే పిల్లల్లా చూసుకునేవాడు. "ఏం బొగ్గు నాన్నా, నీ పిల్లలు కులాసానా?" అని ఆఫీసంతా ఆటపట్టించేది.

నాలుగింట్లో దక్షిణందే గారాల పిల్ల. లిగ్నైట్ ఎండితే పగిలిపోతుంది. అందుకని రోజూ భోజనానికి ముందు అద్దం మూత తీసి, నీళ్ళు చిలకరించేవాడు. గదంతా తొలకరి పడ్డప్పటి మట్టి వాసన.

అదే టైముకి భార్య క్యారేజీ పట్టుకొచ్చేది. ఈమధ్యే మొదలుపెట్టింది ఈ అలవాటు.

"నువ్వూ రావే, పైన క్యాంటీన్లో కలిసి తిందాం."

"నాకు ఆకలి లేదండీ. ఆ మెట్లు నావల్ల కాదు. మీరెళ్ళండి, నేనిక్కడ కూర్చుంటా."

సరిగ్గా అప్పుడే దక్షిణం ముక్క తరగడం మొదలైంది.

మొదట ఎండి రాలుతోందనుకున్నాడు. రాలితే పళ్ళెంలో పొడి ఉండాలి కదా? పళ్ళెం తుడిచినట్టుంది. కొబ్బరికాయంత ముక్క బత్తాయంత అయింది.

మేనేజరు కంట పడనే పడింది.

"ఆ గనిలో నీళ్ళు నిండి మూసేశారు, తెలుసా? మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా? ఇంకొక్క చెక్క పోయిందా, నీ ఉద్యోగం కూడా పోయినట్టే!"

ఇది దొంగ పనేనని తేల్చుకున్నాడు ఇన్‌చార్జి. దొంగకి బుద్ధంటూ ఉంటే ఖరీదైన ఉత్తరం ముక్క ఎత్తాలి. ఈ లిగ్నైట్ ఏం చేసుకుంటాడు? పొయ్యిలో పెడితే సెగ కంటే పొగే ఎక్కువ.

అనుమానం లాంతరు తాత మీదికి పోయింది. తాత ఆ దక్షిణం గనిలోనే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. చేతిలో ఎప్పుడూ ఓ పాత గని లాంతరు. రోజూ పొద్దున్నే వచ్చి, ఆ ముక్క ముందు కుర్చీ వేసుక్కూర్చుని, చుట్టాన్ని చూసినట్టు చూసి పోతాడు.

"తాతా, ఆ సంచి ఓసారి చూపించు."

తాత మొహం మాడిపోయింది. "వ్యాగన్లకి వ్యాగన్లు తవ్విపోసినవాణ్ణి బాబూ. ఇప్పుడు పిసరు బొగ్గుకి కక్కుర్తి పడతానా?"

సంచిలో కళ్ళజోడు, మందుబిళ్ళలు. అయినా ఇన్‌చార్జి మెత్తబడలేదు.

"రేపట్నించి ఇటు రాకు."

తాత లాంతరు పట్టుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి చెప్తే భార్య కస్సుమంది.

"పెద్దాయన్ని పట్టుకుని అంత మాటంటారా? ఆయన తీయలేదు."

"నీకెలా తెలుసు?"

ఆవిడ గిన్నెలు సర్దడంలో పడిపోయింది.

"సరేలే. నువ్వు గదిలో ఉన్నంతసేపూ ఆ ముక్క మీద ఓ కన్నేసి ఉంచు" అన్నాడు.

"ఉంచుతాలెండి" అంది, తలెత్తకుండానే.

తాత రావడం మానేశాడు. ముక్క తరగడం మాత్రం మానలేదు. బత్తాయి కాస్తా నిమ్మకాయయింది. గది తాళం తన జేబులోనే ఉంది. తను లేనిది ఒక్క భోజనం వేళే. అప్పుడు గదిలో ఉండేది...

తన భార్యే! తాత మీద జాలిపడి చెక్కలు చెక్కి చేరవేస్తోందా ఏంటి? అందుకేనా ఆయన్ని అంతలా వెనకేసుకొచ్చింది?

మర్నాడు మామూలుగానే నీళ్ళు చిలకరించాడు. క్యారేజీ పుచ్చుకుని సగం మెట్లెక్కి, చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా దిగొచ్చాడు. తలుపు తోశాడు.

మూత తీసి ఉంది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి దాచేసింది.

"చూపించు."

చూపించింది. ఖాళీ.

"ఆ చెయ్యి?"

అదీ ఖాళీయే.

"ఎక్కడ దాచావే? ఎవరికిస్తున్నావ్, ఆ ముసలాయనకేనా? నా ఉద్యోగం పోతుందని తెలిసి కూడా..." అన్నాడు.

"ముందు ఆయన్ని వెనక్కి పిలవండి. ఆయనకి నేనొక్క చెక్క కూడా ఇవ్వలేదు."

"మరి ఇంత బొగ్గూ ఎక్కడికి పోయింది?"

ఆవిడ గోధుమరంగు అంటిన పెదాలు కొంగుతో తుడుచుకుని, "డాక్టరమ్మ నాలుగో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దందండీ, ఆ తడిమట్టి వాసనొస్తే మాత్రం ఆగలేకపోతున్నా, లోపలున్న మీ బిడ్డకి అదొక్కటే పడుతోంది" అంది.

ఉంటానండి మరి. మీవాళ్ళకీ ఈ కథ పంపండి, ఆవిడ ఏమందో మాత్రం ముందే చెప్పేయకండి.