నాలుగో పెట్టె

సమాధి తెరుస్తున్నామని ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఉపదేశి భార్యకు అన్నం సహించడం లేదు.

నలభై రెండేళ్ళ కిందటి సంగతి. వాళ్ళ ఊరి మీద సైన్యం పడింది. గాయపడ్డవాళ్ళను చర్చిలో దాచారని నలుగురిని బడి గోడకు నిలబెట్టి కాల్చేశారు. చర్చి ఫాదర్, బడి పంతులు, ఆసుపత్రి కాంపౌండరు, పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశి. ఒకే గోతిలో వేసి, మీద సున్నం పోశారు. ఊరివాళ్ళను ఇళ్ళు దాటనివ్వలేదు. ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు. సైన్యం వెళ్ళాక ఊరు ఆ గోతి మీదే సమాధి కట్టుకుంది.

ఇప్పుడు ఆ నలుగురినీ పునీతులుగా ప్రకటించబోతున్నారు. పోయింది ఒకే రోజు కనుక పండుగ కూడా నలుగురికీ ఒకటే. దానికి ముందు ఎముకలు పైకి తీసి, ఏవి ఎవరివో తేల్చి, నాలుగు పెట్టెల్లో సర్దాలి. అయినవాళ్ళు ఒకరైనా దగ్గరుండాలి. బతికున్నది ఆవిడొక్కతే.

ఆవిడ ఆ ఊరు ఎప్పుడో వదిలేసింది. బస్సులో ఆరు గంటల దూరాన, ఇరుకు వీధిలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక పెద్దాయన పుస్తకాలు బైండింగు చేస్తుంటాడు. ఆవిడ అన్నగారని వీధిలో చెప్పుకుంటారు. గడప దాటి బయటికి రాడు. పుస్తకాలు తెచ్చేవాళ్ళతో కూడా తల ఎత్తి మాట్లాడడు.

బయల్దేరే పూట ఆవిడ చెప్పులు తొడుక్కుని మళ్ళీ విప్పేసింది. ఒంట్లో బాగా లేదని కబురు పంపుదామంది.

ఆయన జిగురు పూస్తున్న చెయ్యి ఆపలేదు. "నువ్వు వెళ్ళకపోతే వాళ్ళే ఇక్కడికొస్తారు" అన్నాడు.

వెళ్ళింది.

బస్సు దిగేచోటికే కుర్ర ఫాదర్ ఎదురొచ్చాడు. నలుగురి జీవితాలూ రాసింది ఆయనే. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. పారిపొమ్మని అందరూ బతిమాలినా ముసలి ఫాదర్ చర్చి తాళాలు వదల్లేదట. పంతులు పిల్లల్ని వెనక కిటికీలోంచి దాటించాడట. కాంపౌండరు ఆఖరి కట్టు కట్టి చేతులు కడుక్కుని మరీ వచ్చాడట. ఉపదేశి గోడ ముందు నిలబడి పాట ఎత్తుకుంటే మిగతా ముగ్గురూ గొంతు కలిపారట.

ఆయనకు పాట అబ్బలేదు నాయనా, ఆయన ఎత్తుకుంటే పిల్లలు నవ్వేవాళ్ళు అనబోయి, ఆవిడ నోరు నొక్కుకుంది.

సమాధి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. పునీతుడి భార్య అంటూ ఆవిడ చెయ్యి తాకడానికి తోసుకున్నారు. ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది.

ఎముకలు పోల్చడానికి వచ్చిన డాక్టరు గోతిలోకి దిగాడు. మెడలో శిలువ ఉన్నది ముసలి ఫాదర్‌ది. విరిగి అతికిన కాలు పంతులుది. వెండి పన్ను కాంపౌండరుది. మూడు పెట్టెలు నిండాయి. డాక్టరు నడుం నిటారు చేసి, నుదురు తుడుచుకుని, గోతి అడుగు వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఇక చాలు, కప్పేయండి అని అరవాలనిపించింది ఆవిడకు.

ఆయన మళ్ళీ వంగాడు. చేత్తో మట్టి పక్కకు తీశాడు.

"ఇదిగో, నాలుగోది" అన్నాడు.

ఆవిడ గోతి వైపు ఒక అడుగు వేసి తూలింది. కుర్ర ఫాదర్ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరో మంచినీళ్ళు తాగించారు.

డాక్టరు నెమ్మదిగా వివరించాడు. మనిషి పొట్టి. చేతులు వెనక్కి విరిచి ఇనప తీగతో కట్టేశారు. మిగతా ముగ్గురికీ కట్టలేదు.

"ఈయన పెనుగులాడినట్టున్నాడు. మీ ఆయనేనా అమ్మా?"

ఆవిడ ఆ తీగ వంకే చూసింది. తుప్పు పట్టినా ముడి ఊడలేదు.

"ఆయనే" అంది.

డాక్టరు రాసుకున్నాడు. నాలుగో పెట్టె మీద కూడా మూత పడింది.

మర్నాడు పొద్దున ఆవిడ ఇల్లు చేరింది. ముందు గదిలో పెద్దాయన నిన్న పూసిన జిగురు ఎండిపోయిన పుస్తకం ముందే కూర్చుని ఉన్నాడు. ఆవిడ చెప్పులైనా విప్పకుండా గోడకు చేరగిలబడి, చూసింది చూసినట్టు చెప్పింది. ముందు ఆ ముగ్గురి సంగతి. తర్వాత ఆ పొట్టి మనిషి, ఆ తీగ, తను అన్న మాట.

ఆయన అట్ట మీద ఎండిన జిగురును గోటితో గీకాడు.

"నేను పారిపోయాక, నా బదులు ఎవర్ని లాక్కొచ్చి గోడకు నిలబెట్టారే?" అని అడిగాడు పునీతుడు.