హెడ్‌లైట్ లోపలి మసి

ఆ ఆదివారం కూడా హెడ్‌లైట్ అద్దం తళతళలాడుతోంది.

సరాంతిస్ వంగి మళ్లీ చూశాడు. బయట తుడిచారంటే సరే, దారిన పోయే పుణ్యాత్ములెవరో అనుకోవచ్చు. ఇది లోపల!

ఏడాది కిందట ఆ కొండ మలుపులోనే కొడుకు మినాస్ బైకు రాతిగోడకి కొట్టుకుంది. చెక్కుచెదరకుండా మిగిలింది హెడ్‌లైట్ ఒక్కటే. ప్రమాదంలో పోయినవాళ్ల కోసం ఆ దేశంలో అందరూ చేసినట్టే సరాంతిస్ కూడా రోడ్డు వారన ఇనప గూడు నిలబెట్టాడు. ముందు ఆ హెడ్‌లైట్ బిగించి, వెనక నూనె దీపం పెట్టాడు.

దీపం మసి వెనక బల్బు పెట్టే కన్నంలోంచి దూరి అద్దాన్ని లోపల్నుంచి కమ్మేస్తుంది. అద్దం ఊడదు. సరాంతిస్ మెకానిక్కే గానీ, అతని మొద్దు వేలు ఆ కన్నంలో పట్టదు. తీగకి గుడ్డ చుట్టి తిప్పితే మసి ఇంకాస్త పులుముకునేది.

అలాంటిది, కొన్నాళ్లుగా ఎవరో తుడుస్తున్నారు.

కాఫీకొట్టు మారిగో ఈ మాట విని గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

“ఇంకెవర్రా? మీవాడే! బతికుండగా బండి మీద దుమ్ము పడనిచ్చాడా?”

“ఊరుకో అత్తా, పిచ్చి మాటలు!”

అన్నాడే గానీ ఆ రోజంతా అతనికి అదే ధ్యాస. తల్లిలేని పిల్లాణ్ని చేతుల మీద పెంచాడు. వాడు ఒంటరిగా, దిక్కులేకుండా పోయాడన్న బాధే అతన్ని తినేస్తోంది. ఆ ప్రమాదం గురించి ఎవరు నోరెత్తినా లేచి వెళ్లిపోయేవాడు.

వాడే గనక వస్తుంటే? ఒక్కసారి కనిపిస్తే చాలు.

ఆదివారానికల్లా తుడిచి ఉంటోంది కదా అని, శనివారం పొద్దువాలే వేళ గూటికి ఎదురుగా చెట్ల చాటున కూర్చున్నాడు. పొగమంచు దిగింది.

ఉన్నట్టుండి హెడ్‌లైట్‌లో ఏదో కదిలింది. అద్దం వెనక రెండు తెల్లని వేళ్లు మెల్లగా తిరుగుతున్నాయి. మనిషి జాడ లేదు.

“మినాస్! నాన్నా!” అంటూ పరుగెత్తాడు.

గూటి వెనక నుంచి బక్కపల్చటి ఆడమనిషి లేచి నిలబడింది. ఎవరో పరాయి దేశస్థురాలు. వేళ్లకి తడిగుడ్డ చుట్టుకుంది.

ఆశంతా కోపమైపోయింది.

“ఎవరు నువ్వు? నా కొడుకు దీపం ఎందుకు ముట్టుకున్నావ్?”

“మసి... లోపల. వెలుగు రాదు,” అంది వచ్చీరాని గ్రీకులో.

“వస్తే నీకెంత, రాకపోతే నీకెంత? చుట్టానివా, పక్కానివా? ఫో! మళ్లీ ఇక్కడ కనిపిస్తే ఊరుకోను!”

ఆవిడ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది.

“పోతాను అయ్యా. దీపం ఆరనివ్వొద్దు. బాబుకి చీకటి భయం.”

పొగమంచులోకి నడిచి వెళ్లిపోయింది.

ఈ సంగతి ఆవిడకెలా తెలుసు? పాతికేళ్లొచ్చినా మినాస్‌కి చీకటంటే భయం. సిగ్గుపడి ఎవరికీ చెప్పేవాడు కాదు.

మర్నాడు మధ్యాహ్నం బస్సు డ్రైవరు థిమియోస్‌ని పట్టుకున్నాడు. ఆ రోజు మలుపులో బస్సు ఆపి అంబులెన్సుకి ఫోన్ చేసింది అతనే.

“ఆవిడా? నానూలి. పై ఊళ్లో ముసలాయన్ని చూసుకునేది. ఆయన పోయాడుగా, పొద్దున నా బస్సులోనే వెళ్లిపోయింది. ఈపాటికి వాళ్ల దేశం దారి పట్టుంటుంది.”

“మావాడు ఆవిడకెలా తెలుసురా?”

థిమియోస్ తెల్లబోయాడు.

“నీకు తెలీదా బాబాయ్? అవున్లే, ఎవరు చెప్పబోయినా విన్నావా నువ్వు! నేను వెళ్లేసరికి వాడి తల ఆవిడ ఒళ్లో ఉంది. వాడికి చూపు ఆనడం లేదు, ‘అమ్మా, చీకటిగా ఉందే’ అంటున్నాడు. ‘ఉన్నాను కన్నా, ఇక్కడే ఉన్నాను’ అని ఆ వచ్చీరాని మాటల్తోనే జుట్టు నిమురుతూ కూర్చుంది. ఊపిరి ఆగేదాకా మీవాడికి అమ్మ ఆవిడే, బాబాయ్.”