సూపు దగ్గర నిలబడిన ఆవిడ

ఓడ రేవు దాటిన పూటే, బఫేలో సూపు కౌంటరు వంటవాడికి తన గతేమిటో అర్థమైపోయింది.

జనం పళ్లేలు పట్టుకుని తోసుకుంటూ వస్తున్నారు. వేపుళ్ల మీద పడుతున్నారు. కేకుల దగ్గరైతే కొట్టుకున్నంత పని చేస్తున్నారు. సూపు గిన్నె వైపు మాత్రం ఎవరూ కన్నెత్తి చూడటం లేదు. ఎంత తిన్నా అడిగేవాడు లేనిచోట నీళ్లతో పొట్ట నింపుకునే అమాయకుడెవడుంటాడు?

ఒడ్డు మీద కొట్టయితే ఈగలు తోలుకుంటూ కూర్చోవచ్చు. నడిసముద్రంలో ఆ భాగ్యం కూడా లేదు.

ఇన్నేళ్లూ అతను ఓడ అడుగున, కిటికీ లేని గదిలో బంగాళాదుంపల చెక్కు తీసినవాడు. తోటివాళ్లు అతన్ని పిలిచేది కూడా 'దుంపా' అనే. పెద్ద వంటవాడి కాళ్లావేళ్లా పడితే ఈ ఒక్క ప్రయాణానికి సొంత కౌంటరు ఇచ్చాడు. ఓడ తిరిగొచ్చేలోగా జనం సూపు తాగడం మొదలుపెడితే కౌంటరు అతనిదే. గిన్నె నిండుగా వెనక్కి పోతూ ఉంటే మళ్లీ దుంపల గదికి దిగిపోవాలి. ఇంట్లో భార్యకు మాత్రం, పైకి ఎక్కేశాను, ఇక దిగేది లేదని ఫోనులో అప్పుడే కోతలు కోసేశాడు.

ఆ సమయంలో చేతికర్ర ఆనించుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది.

చిన్న గిన్నెలో సూపు పోయించుకుంది. పోయించుకున్న మనిషి బల్ల దగ్గరికి పోవచ్చుగా, పోలేదు. కౌంటరు పక్కనే నిలబడి తాగింది.

దారికి అడ్డమవుతుంది, వెళ్లి కూర్చోమని అతను మర్యాదగానే చెప్పాడు. ఆవిడ ఒక్క అడుగు పక్కకు జరిగి మళ్లీ నిలబడింది.

అంతటితో ఊరుకుందా? పళ్లెంలో వేపుళ్లు గుట్టగా పోసుకుని పోతున్న ఒక లావుపాటి పెద్దమనిషిని ఆపింది.

"నాయనా, ముందు ఇది కాస్త తాగి చూడు. తర్వాత అవన్నీ తిందువుగాని."

ఆయన మొహమాటానికి తాగాడు. తాగినంతసేపూ ఆవిడ ఆయన మొహంలోకే చూసింది. తర్వాత వంటవాడి వైపు తిరిగింది.

"పులుపు చాల్లేదు అబ్బాయ్."

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. తాగే దిక్కు లేక తానేడుస్తుంటే, వంకలు పెట్టడానికి ఈవిడొకతె తయారైంది. ఆ మాట అనేయబోతుండగా, పక్కన రొట్టెల కౌంటరాయన మోచేత్తో పొడిచాడు.

"నోరు జారకు దుంపా. కంపెనీవాళ్లు రుచి చూసే మనిషిని ప్రయాణికుల్లో కలిపి పంపిస్తారంట. వాలకం చూస్తే ఈవిడే అనిపిస్తోంది."

ఓడ వంటవాళ్లందరికీ ఉన్న భయమే అది. ఆ మనిషి ఉన్నాడని చెప్పేవాళ్లే గాని, కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా దుంప ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు. సాయంత్రం సూపులో నిమ్మరసం పడింది.

మర్నాటి నుంచి ఆవిడ మాటే వేదం. ఒక పసిపిల్ల తాగుతూ కళ్లు చికిలించిందని, మిరియాలు తగ్గించమంది. తగ్గించాడు. ఒక ముసలాయన దవడ నొప్పెట్టేలా నములుతున్నాడు, క్యారెట్లు ఇంకాస్త ఉడకనివ్వమంది. ఉడకనిచ్చాడు. దారికి అడ్డం లేవమన్న మనిషే, ఆవిడ కోసం కౌంటరు పక్కన కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ దాంట్లో కూర్చుంటే గదా! దాని వీపు పట్టుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్లను పిలిచి మరీ తాగించింది.

మెల్లగా జనం రుచి మరిగారు. లావుపాటి పెద్దమనిషి వేపుళ్ల జోలికి పోకముందే గిన్నె పట్టుకుని వస్తున్నాడు, తోడుగా మరో ఇద్దర్ని వెంటేసుకుని. ఒక మధ్యాహ్నం గరిటె గిన్నె అడుగు గీకింది. ఆ చప్పుడు వినేసరికి దుంపకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు ధైర్యం చేసి అడిగేశాడు.

"మీకెలా ఉందమ్మా? మీరొక్క మాట చెబితేగాని నాకు నమ్మకం కుదరదు."

ఆవిడ నవ్వింది.

"నాదేముందిలే. ఆ పిల్లను చూడు, గిన్నె ఎత్తి నాకేస్తోంది. ఇంక నా మాటెందుకు నీకు?"

పై నుంచి వచ్చినవాళ్లు అంత తేలిగ్గా బయటపడరని అతను సర్దిచెప్పుకున్నాడు.

ఓడ రేవు చేరింది. పెద్ద వంటవాడు భుజం తట్టి కౌంటరు నీదేనన్నాడు. దుంప ఉబ్బితబ్బిబ్బయి, అంతా ఆ రుచి చూసే అమ్మగారి చలవేనని చెప్పాడు. పెద్ద వంటవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. తను ఓడలెక్కిన నాటి నుంచీ అలాంటి మనిషిని ఎవరూ పంపలేదట. మీరు కల్పించుకుని మీరే భయపడి చస్తారన్నాడు.

మరి ఆవిడెవరు? ఆవిడకేం పని పడిందని అన్ని పూటలూ కాళ్లు నొప్పెట్టేలా తన కోసం నిలబడింది?

దుంప పరుగున బయటికి వచ్చాడు. అప్పటికే ఆవిడ కారు రేవు గేటు దాటిపోయింది. ఆవిడతో ఓడలో వచ్చిన కూతురు మాత్రం పెట్టెల కోసం ఆగి ఉంది. అతను ఆమెకే చేతులు జోడించాడు. ఒక్క దణ్ణం కూడా పెట్టుకోలేకపోయానని, అమ్మగారి దయవల్లే పైన నిలబడ్డానని ఎలాగో చెప్పుకున్నాడు.

"అంత తెలిసిన నాలుకను నేనెక్కడా చూళ్లేదమ్మా."

కూతురు చేతిలో పెట్టె కింద పెట్టింది.

"జబ్బు చేసి అమ్మకి రుచి తెలియకుండా పోయి చాలా ఏళ్లయిందండీ, ఇంట్లో ఇప్పటికీ తనే వండుతుంది, మేం తింటుంటే మా మొహాలు చూసుకుంటూ."