పెట్రోలు వాసన

కారు కింద వెల్లకిలా పడుకున్నవాడి అరికాలిని ఎవరో తట్టారు.

"బాబూ, ఇంట్లో పొయ్యి వెలుగుతోందా?"

అతను తల బయట పెట్టి చూశాడు. చంకలో గుడ్డసంచీ, నెరిసిన మీసం, ముఖం నిండా చెమట. దారిన పోయే పెద్దాయనెవరో.

"లేదండీ. ఆర్పేసే మొదలుపెట్టాను. ఏం?"

"వాసన వీధి మొగదాకా కొడుతోంది. బ్యాటరీ వైరు తీశావా?"

"అయ్యో!" అని నాలిక్కరుచుకుని, లేచి వైరు తీసేశాడు.

అతనిది గడియారాలు బాగుచేసే పని. వీధిలో అందరూ 'టిక్కుటిక్కు' అంటారు. భూతద్దంలో కనబడే మరలే తప్ప, పిడికిట్లో ఇమిడే బోల్టు ఎన్నడూ విప్పి ఎరగడు. కానీ కారు టాంకు తుప్పుపట్టి కారుతోంది. భార్యకి నెలలు నిండుతున్నాయి. వెనక సీట్లో కూర్చుంటే చాలు, ఆ వాసనకి కడుపులో తిప్పేసి, ఆస్పత్రి చేరేలోపు దారిలో దిగి నిలబడాల్సి వస్తోంది. మెకానిక్కేమో వచ్చే వారం చూద్దామన్నాడు. బిడ్డ వచ్చే వారం దాకా ఆగుతుందని పూచీ ఎవరు? అందుకే కొత్త టాంకు తెచ్చి, వాకిట్లోనే కారుని స్టాండ్ల మీదకెత్తి, తనే నడుం బిగించాడు.

పెద్దాయన అడక్కుండానే సంచీ గోడ మీద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు.

"మీకీ పని వచ్చాండీ?"

"ఏదో, నా బండికోసారి విప్పాను. మళ్ళీ బిగించాక ఒక బోల్టు మిగిలింది. అదెక్కడిదో ఇప్పటికీ తెలీదు."

అతనికి నవ్వొచ్చింది. నమ్మకం మాత్రం రాలేదు. పిలవకుండా వచ్చినవాడు ఊరికే పోతాడా? పనిముట్ల పెట్టెని మెల్లిగా తన వైపు జరుపుకున్నాడు.

"కాస్త నెమ్మదిగా మాట్లాడండి. మా ఆవిడ లోపల పడుకుంది. రాత్రంతా కునుకు లేదు."

పెద్దాయన గొంతు ఠక్కున గుసగుసలోకి దిగిపోయింది. ఆ తర్వాత స్పానరు కింద పెట్టాల్సివచ్చినా గుడ్డ మీదే పెట్టాడు.

ఉన్న పెట్రోలంతా చేతిపంపుతో డబ్బాలోకి తోడి, దాన్ని దూరంగా నీడలో పెట్టారు. వెనక సీటు ఎత్తి టాంకుకొచ్చే వైరు ఊడదీశారు. టాంకు కింద చెక్క, దాని కింద జాకీ పెట్టారు. టాంకుని పట్టి ఉంచే పట్టీల బోల్టులు మొరాయించాయి.

అతను సుత్తి ఎత్తాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రవ్వ లేచిందంటే ఇద్దరం పోతాం. నూనె వేశాంగా, నాననీ."

నానేలోపు ఊరుకోలేక పెద్దాయనే అడిగాడు. "తోడుగా పెద్దవాళ్ళెవరూ లేరా బాబూ?"

"మా అమ్మ వస్తుంది."

"అమ్మాయి వైపు?"

"పెళ్ళికే రానివాళ్ళు పురిటికొస్తారా? వాళ్ళ నాన్నని నేను ఫొటోలో కూడా చూడలేదు. గుండె కాదు, బండరాయి. అయినా మా ఆవిడ ఆయన్ని పల్లెత్తు మాట అననివ్వదు."

పెద్దాయన కారు అవతలికి జరిగి, తడిసిన బోల్టు మీదే మళ్ళీ నూనె వేశాడు.

"నానినట్టుంది. విప్పు."

పాత టాంకు నేలకి దిగింది. కొత్తదాన్ని ఎత్తుతుంటే పక్కకి ఒరిగింది. పెద్దాయన భుజం ఆన్చి ఆపాడు. పట్టీ అంచు తగిలి మోచెయ్యి గీరుకుపోయింది.

"అయ్యో, రక్తం!"

"ముందు బోల్టు బిగించు. ఈ రబ్బరు గొట్టం కూడా మార్చాలి బాబూ."

"బానే ఉందిగా?"

"వంచి చూడు, ఎలా పగిలిందో. ఇది పోయి కొత్తది రాకపోతే టాంకు మార్చీ లాభం లేదు."

అతను దుకాణానికి పరిగెత్తి గొట్టం తెచ్చేసరికి, పెద్దాయన తెర వేసిన పడగ్గది కిటికీ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఇతన్ని చూసి గబుక్కున వంగి, ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

'ఈయన కన్ను ఇంటి మీద పడిందే!' అనుకున్నాడు టిక్కుటిక్కు. అప్పటినుంచీ ఒక కన్ను పని మీద, ఒక కన్ను పెద్దాయన మీద.

అన్నీ బిగించారు. పెట్రోలు పోశారు. ఒక్క చుక్క కారలేదు. కారు నేలకి దించి స్టార్టు చేస్తే బుద్ధిమంతురాలిలా పలికింది.

"ఉండు" అని పెద్దాయన వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. తలుపులు మూసుకుని, అద్దాలన్నీ ఎక్కించి, కళ్ళు మూసుకున్నాడు. చెమటలు ధారకట్టినా కదల్లేదు. నిద్రపోయాడేమోనని అతను అద్దం తట్టబోయాడు.

"వాసన లేదు" అంటూ దిగాడు పెద్దాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గతుకుల్లో మాత్రం మెల్లిగా పోనీ."

ఆయన చేసిన సాయం చూశాక తన అనుమానం అతనికే చిన్నతనమనిపించింది. "టీ తాగి వెళ్ళండి. మా ఆవిణ్ణి లేపుతాను."

"వద్దొద్దు, పడుకోనీ." సంచీ అందుకుని, వెనక్కి తిరక్కుండా వీధి మలుపు తిరిగిపోయాడు. కాసేపటికి అటువైపు బస్సు కదిలిన చప్పుడు వినబడింది.

చేతులు కడుక్కుని లోపలికొస్తే, భార్య గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఒక కాలికే చెప్పుంది.

"వెళ్ళిపోయాడా?"

"అదేంటి, అంత పెద్దాయన్ని పట్టుకుని 'వెళ్ళిపోయాడా' అంటావ్?"

"పని మధ్యలో బయటికొస్తే వదిలేసి పోతాడని కిటికీ దగ్గరే ఉండిపోయాను. అయ్యాక వద్దామనుకున్నా. ఈ వంగలేని ఒళ్ళేసుకుని చెప్పులు తొడుక్కునేసరికి..."

"నువ్వు నిద్రపోతున్నావనుకున్నానే!"

ఆమె ఖాళీ వీధి వైపే చూస్తోంది.

"నాన్న గొంతు విన్నాక నిద్రెలా పడుతుంది?"