గిన్నెలో రెండోది

బూజుతో చేసిన కొత్త పురుగుమందులను ఆ గదిలో పరీక్షిస్తారు. మందు తగిలిన పురుగును గిన్నెలో ఒంటరిగా ఉంచాలి. ఈ ఉదయం ఒక గిన్నెలో రెండు చచ్చి ఉన్నాయి, ఒకదానికొకటి ఆనుకుని, తెల్లటి బూజు కప్పుకుని.

పెద్దసారు పురుగులకు మేత వేసే ఆమెను పిలిచారు. "రెండోది ఎలా వచ్చిందమ్మా?"

"నేనే వేశాను సార్, మందు తగలనిదాన్ని. పాపం, మొదటిది తిండి మానేసి ఓ మూల ముడుచుకుపోతే చూడలేక, తోడుగా ఉంటుందని."

చీవాట్లు తప్పవనుకుంది. కానీ ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే పక్కదానికీ అంటుకుంటోంది! ముందు ఈ మందే పొలానికి పంపిద్దాం!" అంతలోనే నవ్వారు. "పిచ్చితల్లీ, విడిగా ఉంచితే రెండోది బతికేదిగా?"

"బతికేది సార్," అందామె గిన్నెకు మూత పెడుతూ. "ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో మా ఆయన కూడా, అంటుకుంటుందని, నన్ను అద్దాల తలుపు దాటి రానివ్వలేదు. బతికే ఉన్నానుగా."