పెద్దాయన తగిలితే

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి," అంది డాక్టర్ రయీసా, కుర్చీ ముందుకు లాక్కుని.

ఎదురుగా నరీన్ కొండల నుంచి బిష్కెక్ ఆసుపత్రికి వచ్చిన బెగాయిమ్. ముక్కు మీదుగా రెండు చెంపలకీ ఎర్రటి మచ్చ పాకింది. కీళ్ళ నొప్పులు, రాలిపోతున్న జుట్టు. ఒక డాక్టరు గొర్రెల బొచ్చు పడలేదన్నాడు, ఇంకొకాయన తిండి పడలేదన్నాడు, మూడో ఆయన లేపనం రాశాడు. రయీసా అనుమానం మాత్రం లూపస్ మీద. ఒంటిని కాయాల్సిన బలమే ఒంటి మీదికి తిరగబడే రోగం. రక్తపరీక్ష ఎటూ తేల్చలేదు. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మచ్చ దేనికి పొంగుతోందో తెలిస్తే దారి దొరుకుతుంది. ఆ మాట తను అందిస్తే లాభం లేదు. కొండ మనుషులు మర్యాదకి దేనికైనా ఔననేస్తారు. రోగి చేత నిజం చెప్పించడంలో తనను మించినవాళ్ళు లేరని రయీసా నమ్మకం.

"దేనికి మండుతుందమ్మా?"

"పెద్దాయన తగిలితే."

రయీసా కలం ఆగింది. "ఎక్కడ?"

"బయటే అక్కా, గొర్రెల దగ్గర. ఇంట్లో ఉంటే నా జోలికి రాడు."

"రోజూనా?"

"చలికాలం కాస్త మెత్తగానే ఉంటాడు. వేసవిలోనే మరీ."

"మీ ఆయనకి తెలుసా?"

"తెలుసు. తప్పుకుని తిరగమంటాడు. పనులు మానుకుని ఎక్కడికని తప్పుకోను?"

"వాడూ ఒక మొగుడే. ఇంతకీ ఎవరా పెద్దాయన?"

బెగాయిమ్ తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేరు నా నోటితో అనకూడదు. మామగారిది."

రయీసాకు ఒళ్ళు మండిపోయింది. చెంపదెబ్బలకా ముగ్గురు డాక్టర్లు తలో పేరు పెట్టింది! తనూ తక్కువ తిన్లేదు, లూపస్ అంది. విసురుగా తలుపు తీసి, కోడలికి తోడొచ్చి వసారాలో తెల్ల టోపీ సర్దుకుంటూ కూర్చున్న ముసలాయన్ని లోపలికి పిలిచింది.

"గడ్డం నెరిస్తే సరా, బుద్ధుండక్కర్లేదా? కోడలి మొహం ఇలా చేస్తావా?"

ముసలాయన తెల్లబోయాడు. "నేనా? దాన్ని ఎవరన్నా పల్లెత్తు మాటంటేనే ఊరుకోను తల్లీ."

"తనే చెప్పింది. నీ పేరు చెప్పు, పోలీసులకి రాయాలి."

"ఈయన కాదక్కా," బెగాయిమ్ గాభరాగా కిటికీ వైపు వేలు చూపించింది. "ఆయన."

రయీసా తొంగి చూసింది. బయట మనిషన్నవాడు లేడు.

ముసలాయన కిటికీ వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. మెల్లగా నవ్వాడు.

"నా పేరు కున్ తల్లీ, మా మాటలో సూర్యుడని అర్థం. మామ పేరు పలక్కూడదని మా పిల్ల ఎండని కూడా పెద్దాయనే అంటుంది."

ఎండకి పొంగే మచ్చంటే తన లూపస్ అనుమానమే నిజం; రయీసా మళ్ళీ కలం అందుకుంది.