ఫిడేలుకి తొడుగులు

మోటారు సైకిలు హ్యాండిల్‌కున్న గొర్రెతోలు తొడుగులు రెండూ ఊడబీకి గొంచిగ్ తన ఫిడేలుకి చుట్టబెడుతుంటే, గుడారం గుమ్మంలో నిలబడ్డ భార్య దోల్గోర్ నెత్తి బాదుకుంది.

“చేతులకి పెట్టుకునేవి దానికి చుడతావేంటయ్యా? బయట మైనస్ ఇరవై అయిదు. నలభై కిలోమీటర్లు పోయేసరికి నీ వేళ్ళు పుల్లలైపోతాయి.”

“నా వేళ్ళకేం కాదు. చలికి దీని పలక చీలిందంటే మాత్రం అంతే సంగతులు.”

“చెక్కకి చలేంటి? చోద్యం కాకపోతే!”

“నీకు తెలీదులేవే.”

గోబీ ఎడారిలో ఆ చుట్టుపక్కల ఏ ఒంటె తన పిల్లని తన్ని తరిమేసినా గొంచిగ్‌కే కబురొస్తుంది. ఆయన ఫిడేలు వాయిస్తే తల్లి ఒంటె కంటతడి పెడుతుంది, పిల్లకి పాలిస్తుంది. నలభై కిలోమీటర్ల అవతల గుడారం వేసుకున్న సెవ్జిద్ వాళ్ళ ఒంటె ఈని రెండు రోజులైంది. ఇంతవరకూ పిల్లని దగ్గరికి రానివ్వలేదు. ఈ పొద్దు గుంకేలోపు పాలు పడకపోతే ఆ పిల్ల దక్కదు.

గుర్రమైతే అంగీ పొడుగు చేతుల్లోకి వేళ్ళు లాక్కుని కూర్చోవచ్చు. మోటారు సైకిలుకి క్లచ్చు నొక్కాలి, బ్రేకు నొక్కాలి. పల్చటి ఊలు గ్లవుజుల్లోంచి గాలి సూదుల్లా దూరింది. పది కిలోమీటర్లకి వేళ్ళు మండాయి. ఇరవైకి తిమ్మిరెక్కాయి. అక్కడ ఆగి వేడి సైలెన్సర్ మీద చేతులు పెట్టాడు. ఊలు కాలిన కంపు కొట్టింది గానీ, వేడి తగిలినట్టే అనిపించలేదు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక తనకి వేళ్ళనేవి ఉన్నాయో లేదో చూసుకుంటే తప్ప తెలియలేదు. వీపు మీద ఫిడేలు మాత్రం పసిపాపలా వెచ్చగా ఉంది.

సెవ్జిద్ ఎదురొచ్చింది.

“ముందు టీ తాగండి బాబాయ్.”

“పిల్ల తాగాక నేను తాగుతా. ఎలా ఉంది?”

“పొద్దుట్నించీ లేవట్లేదు. ఫోనులో మీ పాటే పెట్టి తల్లికి వినిపించాం. ఫోను మీద ఉమ్మింది.”

“మరి ఫోనులో ప్రాణముంటుందా అమ్మాయ్!” అన్నాడు గొంచిగ్ గొప్పగా.

తోలు తొడుగులు విప్పి, నీలం పట్టు కండువా కట్టిన ఫిడేలుని ఆనవాయితీ ప్రకారం కాసేపు ఒంటెకున్న రెండు మూపురాల్లో ముందుదానికి వేలాడదీశాడు. తర్వాత దించి ఒడిలో పెట్టుకున్నాడు. కమాను అందుకున్నాడు. అది జారి మంచులో పడింది. వంగి తీశాడు. మళ్ళీ పడింది. మూడోసారి రెండు అరచేతుల మధ్యా ఇరికించి పైకెత్తాడు గానీ, వేళ్ళు ముడుచుకుంటే కదా! ఒంటె ఆయన్ని ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. దాని కాళ్ళ దగ్గర పిల్ల సన్నగా మూలిగింది.

గొంచిగ్‌కి తల కొట్టేసినట్టయింది.

“నలభై కిలోమీటర్లు ఫిడేలుని పదిలంగా తెచ్చానమ్మాయ్. వాయించేవాణ్ణే దారిలో పోగొట్టుకున్నాను.”

“పొయ్యి దగ్గరికి రండి బాబాయ్!”

“వద్దొద్దు. గడ్డకట్టిన వేళ్ళకి నిప్పు చూపిస్తే చర్మం ఊడొస్తుంది.”

సెవ్జిద్ ఇంకో మాటకి ఆగలేదు. ఆయన గ్లవుజులు లాగేసి, రెండు చేతుల్నీ మోచేతుల దాకా ఒంటె మెడ కింద దట్టమైన బొచ్చులోకి తోసేసింది. ఒంటె గుర్రుమంది గానీ కరవలేదు.

కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ప్రాణం రావడం మొదలైంది. ఒక్కో వేలినీ ఎవరో సుత్తితో చితగ్గొడుతున్నట్టు నొప్పి. గొంచిగ్ పెదవి కొరుక్కున్నాడు. కాలు నేలకేసి కొట్టాడు. ఇక తన వల్ల కాక, ఒంటె మెడకి నుదురానించి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

“ఓహోహో... ఓరి నాయనోయ్... ఓహో... ఓహోహో...”

అరవై రెండేళ్ళ మనిషి, ఆడపిల్ల ముందు. సిగ్గుతో చచ్చిపోతున్నా ఏడుపు ఆగలేదు. అలలు అలలుగా తన్నుకొచ్చింది.

వేళ్ళు కొంచెం వదులయ్యాక గొంతు తగ్గించాడు.

“ఆపకండి బాబాయ్! ఇంకొంచెం!” అంది సెవ్జిద్.

“ముసలాణ్ణని ఎగతాళా?”

“మీ మీదొట్టు. కళ్ళు తెరిచి చూడండి.”

చూశాడు. ఒంటె మెడ వంచి ఆయన వంకే చూస్తోంది. దాని పెద్ద కళ్ళ నించి నీళ్ళు ధారగా కారి ఆయన టోపీ మీద పడుతున్నాయి. వెనక సెవ్జిద్ ఎత్తి నిలబెట్టిన పిల్ల, తల్లి పొదుగుని పట్టుకుని గుటకలేస్తోంది. తల్లి తన్నలేదు. తల వెనక్కి తిప్పి పిల్ల తోకని వాసన చూసింది.

గొంచిగ్‌కి మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి నొప్పికి కాదు.

వేళ్ళు పూర్తిగా స్వాధీనంలోకొచ్చాక, పరువు దక్కించుకుందామని ఫిడేలు తీసి రెండు స్వరాలు వాయించాడు. ఒంటె మొహం అటు తిప్పుకుంది. పిల్ల మాత్రం తాగుతూనే ఉంది.

తర్వాత గుడారంలో కూర్చుని ఆయన మూడు గిన్నెల ఉప్పు టీ తాగాడు. సెవ్జిద్ ఆయనకి సంచీడు ఎండు జున్ను కట్టిచ్చింది. గొంచిగ్ బయటికొచ్చి, ఎందుకైనా మంచిదని ఈసారి తొడుగులు రెండూ హ్యాండిల్‌కే తగిలించబోయాడు. సెవ్జిద్ పరుగున వచ్చి వాటిని లాక్కుంది.

“వీటిని ఫిడేలుకే ఉండనివ్వండి బాబాయ్! దారిలో మా చెల్లెలు వాళ్ళ ఒంటె కూడా పిల్లని రానివ్వట్లేదట.”